చక్కెర లేని ప్రసాదం

మా అక్కయ్య చేత ప్రసాదం వద్దనిపించగల మనిషి బెజవాడలో ఇంకా పుట్టలేదు. అక్కయ్య అంటే నా తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే హోల్‌సేల్ చీరల కొట్టు. మావి ఎదురెదురు ఫ్లాట్లు, వంట మాత్రం ఒక్కటే. ఆ వంట నాది. అందుకని ఆమెకి షుగర్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఆమె నోటికి కాపలా కాసే ఉద్యోగం కూడా నాకే పడింది.

గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, ఆ ఉద్యోగం బాగానే వెలగబెట్టాను. బెల్లం డబ్బా వంటింట్లోంచి తీసి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. చీరలకి చీమలు పడితే పడనీ అనుకున్నాను. పెళ్ళిళ్ళకి వెళితే ఆమె పక్కనే కూర్చుని, వడ్డించే అబ్బాయి జిలేబీల పళ్ళెంతో కనబడగానే ఆమె విస్తరి మీద నా చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. "వద్దు బాబూ, ఆవిడకి వద్దు." పక్కనున్న చుట్టాలు నన్ను గయ్యాళిలా చూసేవాళ్ళు. చూస్తే చూడనీ. మా అమ్మకి షుగర్ వల్ల ముందు కాలివేలు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజులు నేను మరిచిపోలేను. అక్కయ్యకి ఆ సంగతి తెలుసు. కానీ అది గుర్తొచ్చే నేను వద్దంటున్నానని ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. నాకు కసురుకోవడం వచ్చినంత సులువుగా చెప్పుకోవడం రాదు.

ఇన్ని కట్టుదిట్టాలు చేసినా ఒక దారి మాత్రం తెరిచే ఉండేది. అదే ప్రసాదం. మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం జరిగినా, ఎవరు శ్రావణ శుక్రవారం చేసుకున్నా, ఎవరు కొండ మీద అమ్మవారిని చూసివచ్చినా ఒక గిన్నె మా గడప దాకా వచ్చేది. నేను అందుకునేలోపు అక్కయ్య చెయ్యి చాపేది. కళ్ళకద్దుకునేది. నోట్లో వేసుకునేది.

"అక్కయ్యా, అది చక్కెర పొంగలి!"

"ప్రసాదానికి షుగరేంటే, నీ మొహం! అమ్మవారు ఇచ్చింది అమ్మవారే చూసుకుంటుంది."

అమ్మవారు చూసుకునేదో లేదోగానీ మర్నాడు పొద్దున షుగర్ మిషన్‌లో అంకె నేను చూసుకునేదాన్ని.

ఇదంతా ఏళ్ళ తరబడి సాగిన సరదా పోట్లాటే. రెండేళ్ళ కిందట అక్కయ్యకి రెండు కళ్ళలోనూ శుక్లాలు మొదలవడంతో సరదా పోయింది.

అక్కయ్య కళ్ళంటే మా అందరి కళ్ళ వంటివి కావు. ఆమెది పెడన వైపు మగ్గం ఉన్న ఇల్లు. చిన్నప్పుడు నూలు కండెలు చుడుతూ పెరిగింది. ఏ రంగు నూలు పక్కన ఏ రంగు నప్పుతుందో, ఏది ఉతికితే వెలిసిపోతుందో చూపుతోనే చెప్పేది. మా కొట్టుకి నేతగాళ్ళు మచ్చుచీరలు తెస్తే బావగారు ధర మాట్లాడేవారు, రంగు మాత్రం అక్కయ్య చూడాల్సిందే. ప్రతి గురువారం ఆమె కొట్టుకి వెళ్ళేది. పరుపు మీద కూర్చుని, ఒక్కొక్క చీర చెంగు వేళ్ళ మీదకి తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి "ఇది వద్దు", "ఇది పదిహేను వెయ్యమను" అని చెప్పేది. అన్నదమ్ములిద్దరూ నోరెత్తేవారు కాదు. ఇంట్లో నేను ఆమెని ఎంత కసిరినా గురువారం సాయంత్రం ఆమె కొట్టు నుంచి వచ్చే నడకే వేరుగా ఉండేది.

కిందటేడు మాఘమాసం పెళ్ళిళ్ళకి కంకిపాడు వ్యాపారి ఒకాయన పెట్టుబడి చీరలు కావాలన్నాడు. పెళ్ళిలో చుట్టాలకి పెట్టే చీరలు. అక్కయ్య మచ్చు చూసి, "పసుపుకి వంకాయరంగు అంచు బాగుంది, వెయ్యమను" అంది. బావగారు మచ్చు వంక చూడకుండా మామూలుగా తలూపారు. నేత పూర్తయి, చీరలు మడతలు పెట్టి, కట్టలు కట్టి కంకిపాడు వెళ్ళాక తెలిసింది, అది వంకాయరంగు కాదు, నలుపు. పెళ్ళిలో నల్ల అంచు చీర ఎవరి ఒళ్ళో పెడతారు? కట్టలన్నీ కట్టినవి కట్టినట్టే వెనక్కి వచ్చాయి.

ఎవరూ ఒక్క మాట అనలేదు. బావగారైతే ఆ చీరలు ఎక్కడ పెట్టించారో కూడా తెలియకుండా చేశారు. కానీ మరుసటి గురువారం అక్కయ్య జడ వేసుకుని, చీర కట్టుకుని, గుమ్మం దాకా వచ్చి, "ఇవాళ కాళ్ళు లాగుతున్నాయే, వెళ్ళను" అని వెనక్కి తిరిగింది. ఆ తర్వాత గురువారం జడ కూడా వేసుకోలేదు. రోజంతా బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేది. నాకు ఆమె మీద అప్పుడు కలిగినంత జాలి ఎప్పుడూ కలగలేదు. ఆ జాలి కూడా నేను కసురుతూనే చూపించాను.

ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని కంటి డాక్టరు చెప్పాడు. పావుగంట పని. కానీ షుగర్ అదుపులో ఉంటేనే. మొదటిసారి ఉగాది తర్వాత తేదీ ఇచ్చారు, షుగర్ ఎక్కువుందని వెనక్కి పంపారు. రెండోసారి శ్రావణంలో ఇచ్చారు. శ్రావణంలో మా అపార్ట్‌మెంట్‌లో ఎన్ని గిన్నెలు తిరుగుతాయో డాక్టరుకి తెలియదు కదా. మళ్ళీ వెనక్కి పంపారు. మూడోసారి దసరా వెళ్ళిన మరుసటి బుధవారం రమ్మన్నారు. ఈసారి కూడా ఇలాగే వస్తే ఇక కొన్నాళ్ళు ఆ మాట ఎత్తనని డాక్టరు కాస్త విసుగ్గానే అన్నాడు. ఇంటికి వస్తూ, ఆటో బందరు రోడ్డు మీదకి వచ్చాక అక్కయ్య, "మళ్ళీ కొట్టుకి వెళతానంటావా?" అని అడిగింది. "ముందు నోరు కట్టుకోండి" అన్నాను నేను.

దసరా తొమ్మిది రోజులూ ఎలా దాటించాలా అని ఆలోచిస్తుంటే నాకో మెరుపులాంటి ఉపాయం తట్టింది. బెంజి సర్కిల్ దగ్గర కొత్తగా ఒక మిఠాయి కొట్టు తెరిచారు. పండక్కి ప్రత్యేకంగా చక్కెర లేని మిఠాయిలంటూ అద్దాల మీద పెద్ద పెద్ద బొమ్మలు. సరే, తీపి కావాలంటే ఇదే తింటుంది, బయటి గిన్నెలకి చెయ్యి చాపదు అనుకుని ఆటో ఎక్కి వెళ్ళాను.

అదొక మిఠాయి కొట్టులా లేదు, నగల కొట్టులా ఉంది. చల్లగా ఏసీ. చేతులకి తొడుగులు వేసుకున్న అమ్మాయి పటకారుతో ఒక్కొక్క ముక్కా తీసి, గూళ్ళు గూళ్ళుగా ఉన్న డబ్బాలో పడుకోబెట్టింది. ఖర్జూరం చుట్టలు, అంజీర ముక్కలు, జీడిపప్పు బిళ్ళలు, చిన్న చిన్న కజ్జికాయలు. మామూలు మిఠాయికి రెట్టింపు ధర. చక్కెర వేస్తే ఒక ధరా, వెయ్యనందుకు అంతకి రెట్టింపూ! ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "అయితే రేపట్నుంచి మనం కూడా అంచు లేని చీరలు రెట్టింపుకి అమ్ముదాం" అన్నారు.

పాడ్యమి నాడు పొద్దున డబ్బా తెరిచి అక్కయ్య చేతిలో ఒక కజ్జికాయ పెట్టాను. ఆమె కొంచెం కొరికి, నెమ్మదిగా నమిలి, మిగతాది పళ్ళెంలో పెట్టేసింది.

"ఏం?"

"వద్దులే అమ్మాయ్. మందులషాపు వాసనొస్తోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండలో ఆటో ఎక్కి వెళ్ళి, ఏరి ఏరి తెచ్చినది! పైకి ఏమీ అనలేదుగానీ సింకులో గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను.

మర్నాడు నా బుర్ర ఇంకా పదునుగా పనిచేసింది. పూజ గదిలో దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇత్తడి పళ్ళెంలో ఆ మిఠాయిలే నాలుగు పెట్టి అమ్మవారికి నైవేద్యం చూపించాను. అమ్మవారికి షుగర్ లేదు కదా, ఈ చప్పిడి తిండి ఆవిడకెందుకు పెడుతున్నానా అని ఒక్క క్షణం సిగ్గేసింది. తప్పయితే క్షమించమని లెంపలేసుకుని, పళ్ళెం పట్టుకుని అక్కయ్య దగ్గరికి వెళ్ళాను.

"అక్కయ్యా, ప్రసాదం."

ఆమె చెయ్యి చాపింది. కళ్ళకద్దుకుంది. నోట్లో వేసుకుంది. రెండోది ఇచ్చాను. అదీ వేసుకుంది.

నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఇన్నేళ్ళుగా నన్ను ఓడిస్తున్న ప్రసాదాన్ని నేనే నా వైపు తిప్పుకున్నాను. ఇక ఆ వారమంతా పొద్దున దీపంతో రెండు, సాయంత్రం దీపంతో రెండు. పై ఫ్లాట్ల నుంచి ఎవరు గిన్నె తెచ్చినా, "మా ఇంట్లోనే ఉందండీ ప్రసాదం" అని గుమ్మం దగ్గరే సాగనంపాను. డబ్బా అయిపోతే వెళ్ళి ఇంకోటి తెచ్చాను. సప్తమి నాడు అక్కయ్యే, "సరస్వతీ పూజ ప్రసాదం ఇంకొకటి పెట్టవే" అని అడిగితే ఉబ్బిపోయి రెండు పెట్టాను. కింద ఫ్లాట్ ఆవిడకి మెట్ల మీద నిలబడి ఈ ఉపాయమంతా వివరంగా చెప్పాను. ఆవిడ కూడా మిఠాయి కొట్టు చిరునామా రాసుకుంది. మరి చక్కెరే లేనప్పుడు ఇక షుగర్ మిషన్‌తో పనేముంది? ఆ తొమ్మిది రోజులూ దాన్ని సొరుగులోంచి బయటికే తియ్యలేదు.

విజయదశమి గురువారం వచ్చింది. ఇక బుధవారం దగ్గరపడుతోంది కదా అని పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందు, అక్కయ్య వేలు గుచ్చాను. అంకె చూసి మిషన్ పాడైందనుకున్నాను. ఇంకో వేలు గుచ్చాను. రెండుసార్లూ మూడువందలు దాటింది. శ్రావణంలో వెనక్కి పంపినప్పుడు కూడా అంత లేదు.

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మిఠాయి డబ్బా అడుగున చీమ తలకాయలంత అక్షరాలు మొదటిసారి చదివాను. ఖర్జూరం ముద్ద, కోవా, జీడిపప్పు, మైదా, నెయ్యి, పేరు పలకలేని ఇంకేవో పొడులు. చక్కెర తప్ప అన్నీ ఉన్నాయి. బయటి గిన్నెల్లోంచి ఆమె చిటికెడు చిటికెడు తినేది. నేను దగ్గరుండి రోజుకి నాలుగు తినిపించాను.

తప్పు నాదని తెలిశాక మనిషికి కోపం రెట్టింపు అవుతుంది. నాకైతే అవుతుంది. తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి ఆమె మీద విరుచుకుపడ్డాను.

"నాలుగు పెడితే నాలుగూ తినేయడమేనా? ఒకటి చాలు అనొచ్చుగా! అంత రుచిగా ఉన్నాయా?"

"రుచా?" అంది అక్కయ్య. "సుద్దముక్క నమిలినట్టుందే. నీళ్ళు తాగి మింగేదాన్ని."

"మరెందుకు తిన్నారు? ప్రసాదమనా?"

"ప్రసాదమూ లేదు, ఏమీ లేదు. నా చేత తినిపించడానికే అమ్మవారి ముందు పెట్టావని నాకు తెలీదా? కళ్ళు మసకైతే బుర్ర కూడా మసకేనా?"

ఆమే నెమ్మదిగా అంది:

"నాకీ జబ్బొచ్చింది మొదలు నా విస్తట్లోంచి తీసేయడమేగానీ, నువ్వు నాకోసం ఒక తీపి తెచ్చి తినమనడం ఇదే మొదటిసారి. ఎండలో వెళ్ళి తెచ్చావు. మొదటిరోజు వద్దన్నాను. అప్పుడు నువ్వు గిన్నెలు గట్టిగా తోమడం విన్నాను. మళ్ళీ వద్దనాలంటే ప్రాణం ఒప్పలేదే అమ్మాయ్."

"మరి సప్తమి నాడు ఇంకోటి అడిగారు?"

"నువ్వు సంతోషపడతావని."

నేను కుర్చీ పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. నా వయసు యాభై ఆరు. ఆ వయసులో బాల్కనీలో, ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళు మామిడాకులు కట్టుకుంటూ చూస్తుండగా ఏడ్చాను. ఆమె తియ్యటి వస్తువుకి లొంగదని, ప్రేమగా పెట్టే చేతికి లొంగుతుందని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. పై ఫ్లాట్ల వాళ్ళ గిన్నెలు ఆమె ఎందుకు కాదనలేదో కూడా తెలిసింది. వాళ్ళు పెట్టేవాళ్ళు. నేను లాక్కునేదాన్ని.

ఇక మిగిలింది ఆరు రోజులు. షుగర్ డాక్టరుకి ఫోన్ చేస్తే మందు మార్చి, తిండి గురించి నాలుగు చీవాట్లు పెట్టారు. అన్నీ నాకే అని ఒప్పుకుని వినేశాను. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆమె ఏది తింటే నేనూ అదే తినాలి. జొన్నరొట్టె, కాకరకాయ వేపుడు, పల్చటి మజ్జిగ. వేడిగా వడ్డించి, ఆమెకి ఎదురుగా కూర్చుని, "తినండి అక్కయ్యా" అనేదాన్ని. ఆ మాట నాలిక మీద ఎంత కొత్తగా ఉందో! భోజనమయ్యాక ఆమె చెయ్యి పట్టుకుని సెల్లార్‌లో కార్ల మధ్య అటూ ఇటూ నడిపించేదాన్ని. వాచ్‌మన్ భార్య ముగ్గు గిన్నె పట్టుకుని మమ్మల్ని చూసి నవ్వేది. నడుస్తూ నడుస్తూ అక్కయ్య, పెడనలో వాళ్ళ నాన్న అద్దకపు నీళ్ళలో చెయ్యి ముంచి రంగు చూసుకునేవాడని, ఆ చేతితోనే అన్నం కలిపితే వాళ్ళమ్మ తిట్టేదని చెప్పింది. ఇన్నేళ్ళు ఒక వంట తిన్నామేగానీ ఈ కబుర్లు నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఆమె చేతిలో ఏముందో చూడటమే సరిపోయేది నాకు.

అన్నట్టు, మిఠాయి రెండో డబ్బాలో సగం మిగిలింది. పారేద్దామంటే అక్కయ్య ఒప్పుకోలేదు.

"అమ్మవారికి చూపించింది చెత్తబుట్టలో వేస్తావా? నువ్వే తిను."

తిన్నాను. మా ఆయన ఒకటి తిని పారిపోయారు. మిగతావన్నీ నేనే తిన్నాను. నిజంగానే సుద్దముక్కలు. ఒక్కొక్కటి మింగుతున్నప్పుడల్లా, ఇలాంటివి ముప్ఫై దాకా నాకోసం మింగిన మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతూ ఉండేది.

బుధవారం పొద్దున ఆసుపత్రిలో నర్సు రక్తం తీసుకెళ్ళింది. ఆ అరగంటా నేను బల్ల మీద కూర్చోలేక, నిలబడలేక, నీళ్ళ మిషన్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. అక్కయ్య మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "వెనక్కి పంపితే నువ్వు ఏడవకూడదు, చెబుతున్నా" అంది. నర్సు వచ్చి ఆకుపచ్చ గౌను ఇచ్చి, "మార్చుకోండమ్మా" అంది. అంటే పంపట్లేదు! బావగారు అక్కడే ఉన్న దేవుడి పటానికి దణ్ణం పెట్టారు. నేను నర్సు చెయ్యి పట్టుకుని ఊపేశాను.

నిజంగానే పావుగంటలో అయిపోయింది. ముందు కుడికన్ను. కట్టు మర్నాడు విప్పుతామన్నారు.

గురువారం పొద్దున డాక్టరు కట్టు విప్పి, మందు నీళ్ళతో తుడిచి, వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. అక్కయ్య చెప్పింది. గోడ మీద అక్షరాలు చదివించాడు. చదివింది. బాగుందని నవ్వి ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు. అక్కయ్యకి కన్ను దురదేసినట్టుంది, చెయ్యి పైకెత్తింది.

"వద్దు! వద్దు! ముట్టుకోవద్దు!" అని నేను అరిచాను. వార్డులో అందరూ తిరిగి చూశారు.

అక్కయ్య చెయ్యి దించి నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఆమె నా మొహాన్ని అంతసేపు చూడటం నాకు కొత్తగా అనిపించింది.

"ఏమిటక్కయ్యా?"

"ఈ రెండేళ్ళూ నాకు నీ గొంతే వినబడేది. వద్దన్నప్పుడల్లా కోపమొచ్చిందనుకునేదాన్ని."

"మరి?"

"ఇది కోపం కాదుగా. భయపడుతున్నావు నువ్వు."

ఏదో ఒకటి కసురుదామని నోరు తెరిచాను. మా అమ్మ మంచం పక్కన నిలబడ్డప్పుడు కూడా ఎవరితోనూ అనని మాట ఆ వార్డులో అన్నాను.

"అవునక్కయ్యా. భయమే."

ఆమె కంట్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోతుంటే వద్దని చెప్పి, ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.